అంగుళానికి ఒక ఫర్లాంగు

మా ఆఫీసుకి కొత్త మేనేజరు వచ్చిన రోజున స్వాగత వాక్యాలు చదివే పని నాకు అప్పగించారు. చదివాను. బాగానే చదివాను. చదివాక ఆయనకి గోడమీది చార్టు చూపించి ఏ శాఖ ఏ అంతస్తులో ఉందో వివరించాలి కాబట్టి, సభకి వీపు పెట్టి గోడవైపు తిరిగాను. వెనకాల ముందు ఒకరు దగ్గారు. తర్వాత ఇద్దరు దగ్గారు. కాసేపటికి గదంతా దగ్గు. నా తెల్ల ప్యాంటు వెనకభాగాన అరచేయంత రాక్షసుడొకడు మోకాళ్ల మీద వంగి సముద్రం తాగుతున్నాడట. వాడి పక్కన ఒక బాణం గుర్తు, దాని కింద గళ్లు గళ్లుగా ఒక కొలబద్ద కూడా ఉన్నాయట. నేను చూడగలిగిన చోటు కాదది.

"అదేమిటండీ?" అన్నాడు కొత్త మేనేజరు, మర్యాదగానే.

వెనక్కి చెయ్యి పెట్టి తడుముకుని, వేలికి అంటిన నలుపు చూసుకుని, "మా మేనత్తండీ" అన్నాను.

అబద్ధమేమీ కాదు. ఆ ఉదయం అత్తయ్యకి కళ్లమందు ఇచ్చిపోదామని వాళ్లింటికి వెళ్లాను. "కూర్చో నాయనా, నిలబడే మాట్లాడతావేం?" అంది. కూర్చున్నాను. కూర్చోమన్నదీ ఆవిడే, ఆ కుర్చీలో బొమ్మ ఆరబెట్టిందీ ఆవిడే. వాళ్లింట్లో బల్ల మామయ్యది. మామయ్య దర్జీ. బల్లనిండా బట్టలు, కత్తెర్లు, సుద్దముక్కలు ఉంటాయి కాబట్టి, అత్తయ్య బొమ్మలు కుర్చీల్లో ఆరతాయి. తెలిసినవాళ్లు వాళ్లింట్లో నిలబడే మాట్లాడతారు. నాకూ తెలుసు. మర్చిపోయాను.

సాయంత్రం ప్యాంటు పట్టుకెళ్లి చూపించాను. మామయ్య కళ్లజోడు పైకి తోసి, గుడ్డని రెండు వేళ్లతో నలిపి చూసి, "నల్ల సిరా. జన్మలో పోదు. దీంట్లోంచి రెండు చేతిసంచులు వస్తాయి, కుట్టివ్వనా?" అన్నాడు. అత్తయ్య మాత్రం ప్యాంటుని వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు చూసింది. కాస్తయినా నొచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"అయ్యో, బాణం కుడివైపుకి వాలిపోయిందేరా! ఉత్తర దిక్కు తప్పిపోయింది" అంది.

మా అత్తయ్యని ఇంటాబయటా అందరూ సిరా అత్తయ్య అంటారు. పందొమ్మిదో ఏట సర్వే ఆఫీసులో ట్రేసరుగా చేరి, ముప్ఫై మూడేళ్లు అదే గదిలో అదే వాలుబల్ల ముందు కూర్చుని రిటైరయింది. ఎవరో ఎండలో తిరిగి కొలుచుకొచ్చిన పటాన్ని ఇంకెవరో పెన్సిల్‌తో గీస్తే, దానిమీద మైనపు గుడ్డ పరిచి సిరాతో ఎత్తిరాసే పని. చేతికి చెమట పడితే గుడ్డ పాడవుతుందని అరచేతికి సుద్దపొడి రాసుకునేవారు. గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ సూదిలో దారం ఎక్కించాల్సొస్తే మాటా శ్వాసా రెండూ ఆపేస్తుంది. ఫోనులో అయితే అవతలివాళ్లు "హలో, హలో" అని కంగారు పడతారు.

ఆ గదికి పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన ఉండేవాడట. ఆయన ఒకే సూత్రం పెట్టుకున్నాడు. మూలన ఉత్తరం చూపించే బాణం, దాని కింద కొలబద్ద, దాని పక్కన గీసినవాళ్ల పొడి అక్షరాలు. ఈ మూడూ లేని కాగితాన్ని ముట్టుకునేవాడు కాదు. "దిక్కూ లేదు, కొలతా లేదు, దీన్ని కన్నదెవరమ్మా?" అని బల్లమీదికి విసిరేసేవాడు.

పటాల అంచులు కత్తిరించగా మిగిలిన మందపాటి కాగితం ముక్కల మీద అత్తయ్య భోజనాల వేళ బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది. అందుకే అవి పోస్టుకార్డుకన్నా పెద్దవి కావు. అన్నీ పాత కథలూ, నీతులూ. కొన్ని వాళ్లమ్మ చెప్పినవి, కొన్ని గీస్తూ గీస్తూ తనే పుట్టించినవి. మూడు సముద్రాలు తాగినా దాహం తీరని రాక్షసుడు. తన అబద్ధాలన్నీ మూటకట్టి నెత్తిన పెట్టుకుని నరకానికి నడిచిపోతున్న పెద్దమనిషి. పక్కింటి దీపం ఆర్పమని గాలిదేవుడికి మొక్కుకుని, సొంత దీపం మర్చిపోయిన ఇల్లాలు. రంగులు కూడా ఆఫీసులో మిగిలినవే కాబట్టి నీళ్లన్నీ ఒకటే నీలం, అడవులన్నీ ఒకటే ఆకుపచ్చ, స్వర్గానికి పోయే బాట మాత్రం పటాల్లో పక్కా రోడ్డుకి వేసే ఎరుపు. ఇక బొమ్మ ఏదైనా సరే, కుడివైపు అడుగు మూలన మూడూ ఉండాల్సిందే. బాణం, 'అంగుళానికి ఒక ఫర్లాంగు' అని కొలబద్ద, చీమతలంత పొడి అక్షరాలు రెండు.

నలభై ఏళ్లలో మూడు వందల చిల్లర బొమ్మలయ్యాయి. బిస్కెట్ డబ్బాల్లో ఉన్నాయి, పట్టనివి సొరుగుల్లో. గోడకి ఒక్కటీ ఎక్కలేదు. గోడల మీద మామయ్య కొలతల అట్టలు వేలాడుతుంటాయి, చొక్కాచేతులూ కాలర్లూను. ఆవిడ అడగలేదు, ఆయనకి తోచలేదు. వాళ్ల మధ్య పోట్లాటంటూ లేదు గానీ, గోడ విషయం మాత్రం ఎప్పుడూ రాలేదు.

కిందటేడు లైబ్రరీ అమ్మాయి ఒకామె కోటు కుట్టించుకోవడానికి వచ్చింది. లైబ్రేరియన్ అన్నమాట. మామయ్య గుండీలు తీద్దామని సొరుగు లాగాడు. తెల్ల గుండీలకీ నల్ల గుండీలకీ మధ్య అడ్డంగా అబద్ధాల పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఆ అమ్మాయి గుండీల సంగతి మర్చిపోయింది.

"ఎవరు వేశారండీ ఇది?"

"మా ఆవిడే. ఇంకా ఉన్నాయి. సొరుగులే చాలట్లేదు" అన్నాడు మామయ్య.

లైబ్రరీలో పిల్లల గది కొత్తగా కట్టారట. గోడ బోసిగా ఉందట. పన్నెండు బొమ్మలు ఫ్రేములు కట్టించి వరసగా పెడదామంది. ఆ అమ్మాయి వెళ్లాక అత్తయ్య నాకు ఫోను చేసి, "ఒరేయ్, గదికి ఆ చివర నిలబడి ఈ చివరున్న నా బొమ్మ చూస్తే ఎలా ఉంటుందిరా?" అంది. నాకేం తెలుసు? ఆవిడకీ తెలీదు. వాటిని జానెడు దూరం మించి ఆవిడ ఎన్నడూ చూడలేదు.

పదకొండు బొమ్మలు ఉన్నవాటిలోంచే ఏరింది. పన్నెండోది కొత్తగా వేస్తానంది. ఆ పదకొండూ ముందుగా లైబ్రరీ సంఘం అధ్యక్షుడికి చూపించడానికి నేనూ వెంట వెళ్లాను. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు. మంచివాడే. కాకపోతే ఏ కాగితం కనబడ్డా తప్పులు దిద్దకుండా ఉండలేడు. జేబులోంచి స్కేలు తీసి, పెద్దమనిషి ఇంటి గుమ్మం నుంచి నరకం గుమ్మం దాకా కొలిచాడు.

"రెండున్నర అంగుళాలు. అంటే రెండున్నర ఫర్లాంగులు, అర కిలోమీటరు. ఏమమ్మా, నరకం మరీ ఇంత దగ్గరా?"

"దూరమని రాస్తే ఎవరు భయపడతారు మేష్టారూ?"

"సరే, ఈ లెక్కన ఈయనగారి ముక్కే పావు ఫర్లాంగు పొడుగుందే!"

"స్కేలు నేలకండీ. మనుషులకి కాదు."

"పిల్లలు చూసే గది అమ్మా ఇది. ఇవి కథలా, ఇళ్ల స్థలాల ప్లానులా? బాణమూ కొలబద్దా తీసేయించండి. బొమ్మలు చాలా బావున్నాయి. ఆ మూల ఒక్కటీ లేకపోతే రేపే పెట్టించేస్తాను."

ఇంటికొచ్చి చెబితే, మామయ్య సంగతంతా విని చిటికేశాడు.

"ఇంతేనా? చెరపడమెందుకే! చుట్టూ అట్ట కట్టేటప్పుడు అడుగున అర అంగుళం మడతలోకి పంపించేస్తే సరి. ప్యాంటు పొడుగైతే కత్తిరించేస్తామా, మడిచి కుట్టమూ?"

అత్తయ్య "సరే కట్టండి" అంది. మామయ్యకి ఉత్సాహం వచ్చింది. కాలర్ల అట్టలే గోధుమరంగువి తీసి కిటికీల్లా కత్తిరించాడు. నేను జిగురు రాశాను. గంటలో పదకొండూ తయారు. నిజం చెప్పొద్దూ, చాలా అందంగా వచ్చాయి. బొమ్మలకి కోటు తొడిగినట్టున్నాయి. అత్తయ్య మొదటిది చేతిలోకి తీసుకుని, అడుగు మూలకేసి బొటనవేలితో అట్టమీద మెల్లగా రాసింది. బాణం లేదు. కొలబద్ద లేదు. వాటి పక్కనుండే రెండు అక్షరాలూ లేవు.

"ఒకసారి పెద్దాఫీసరు సంతకం కోసం ఆయన గదికి వెళ్లానురా" అంది, నాతోనో బొమ్మతోనో. "అదివరకెప్పుడూ ఆ గదిలోకి వెళ్లలేదు. గోడమీద నా పటం ఉంది. రెండు నెలలు కూర్చుని గీసింది. అద్దం, నగిషీ చెక్క, అంతా హడావిడి. మూలకి వెళ్లి చూస్తే నా అక్షరాలు చెక్క కిందకి పోయాయి. ఆయన 'ఏం చూస్తున్నావమ్మా' అన్నాడు. 'ఏం లేదు సార్' అన్నాను."

నా వేళ్లకి జిగురు అలాగే ఉంది. మామయ్య కత్తెర మూసి బల్లమీద పెట్టాడు. ఇంకెవరైనా అయితే ఆ మాట మీద గట్టిగా నిట్టూర్చేవాళ్లు. ఆయన తడిగుడ్డ తెచ్చి, జిగురు పూర్తిగా ఆరకముందే, పదకొండు అట్టలూ ఒక్కొక్కటే ఊడదీశాడు. "చెప్పొచ్చుగా ముందే" అని మాత్రం గొణిగాడు.

"మీరంత ముచ్చటపడి కత్తిరిస్తుంటే ఏం చెప్పనూ?"

ఆ శనివారం సంఘం మీటింగు. అత్తయ్య బొమ్మలతో పాటు వాటి ఖాళీ డబ్బాలు కూడా సంచిలో పెట్టుకుంది. ఎందుకని అడిగితే, "ఒప్పుకోకపోతే తిరిగి తెచ్చుకోవాలిగా, దారిలో నలిగిపోవూ?" అంది. పక్కనే మామయ్య, పెళ్లినాటి తర్వాత మొదటిసారి ఇస్త్రీచొక్కాలో, పెళ్లినాటి కన్నా భయంగా ఉన్నాడు.

అధ్యక్షుడు మళ్లీ అదే మాట అన్నాడు. అత్తయ్య లేచి నిలబడింది.

"మేష్టారూ, అవి తీసేస్తే నా సంతకమూ తీసెయ్యాలి. కొలత లేనిదానికింద సంతకం పెట్టడం నాకు చేతకాదు. సంతకం లేని బొమ్మ మీ గోడకి వద్దులెండి." మాటకీ మాటకీ మధ్య ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తూనే ఉంది. డబ్బా మూత తీసి, మొదటి బొమ్మ లోపల పెట్టబోయింది.

"ఒక్క నిమిషం అమ్మగారూ!" అంది లైబ్రరీ అమ్మాయి. "పిల్లలు కొలిచి చూస్తేనేం సార్? పుస్తకం ముట్టుకోనివాళ్లు స్కేలైనా పట్టుకుంటారు."

సంఘంలో ఎవరో నవ్వారు. ఆఖరికి అధ్యక్షుడు ఒప్పుకున్నది ఇదీ: నెల రోజులు పెట్టి చూస్తారు. బొమ్మల పక్కన మాత్రం ఆయన స్వహస్తాలతో రాసిన బోర్డు ఉంటుంది. ఆ బోర్డు ఇప్పటికీ ఉంది. 'ఈ చిత్రములలోని దూరములు ప్రయాణమునకు పనికిరావు. ఇట్లు, అధ్యక్షుడు.'

పన్నెండో బొమ్మ గోడకెక్కించే ముందు ఆఖరి వారంలో పూర్తయింది. వరదలో దుంగ పట్టుకుని కొట్టుకుపోతున్న ముసలాయన, ఆయన వీపు మీద ఒక మేక, చుట్టూ నీలం. ఆయన నోరు తెరిచి దేవుణ్ని పిలుస్తున్నాడు.

గోడకి పెట్టిన రోజున అత్తయ్య నేరుగా గదికి ఆ చివరకి నడిచి, కిటికీకి వీపు ఆనించి నిలబడింది. పన్నెండు తపాలా బిళ్లల్లా కనిపించి ఉంటాయి. రాక్షసుడో రాజో కూడా ఆనవాలు దొరకదు. ఎలా ఉన్నాయని అడిగాను. "తిన్నగానే ఉన్నాయి" అంది. మేకులు కొట్టిన మామయ్య అది తన పనితనం గురించేననుకుని తల ఊపాడు. ఆవిడ అక్కడే ఉండిపోయింది, ముఖం తుడుచుకోవాల్సినంతసేపు.

ఇంతలో అధ్యక్షుడు పన్నెండో బొమ్మ దగ్గర ఆగిపోయాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, ముక్కు అద్దానికి ఆనేలా వంగి వెతికాడు. పైన ఎడమ మూలన, ఎర్ర రోడ్డు మొదట్లో, నువ్వుగింజంత దేవుడు దొరికాడు.

"ఇదేమిటమ్మా, అన్యాయం!" అని గది అవతలికి కేకేశాడు. "మీ దేవుడు మేకకన్నా చిన్నగా ఉన్నాడే!"

"ఇప్పుడేగా బయల్దేరాడు మేష్టారూ, దగ్గరికొచ్చేకొద్దీ పెద్దవుతాడు" అంది అత్తయ్య.