పొయ్యికి అడిగిన కాగితం

యాభై దాటాక నాకు అక్షరాలు దిద్దించింది బాలమణి. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో కాపురం చేశాం. ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు, మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు కలిసి నడిపే చిన్న పత్రికను ఇద్దరం పంచేవాళ్లం. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆమె చనిపోయింది. ఆ నెల పత్రికలో ఆమె ఫొటో వేసి, కింద నేను చెప్పిన మాట, ఆమె పేరు పక్కనే నా పేరు వేశారు.

బంద్ వల్ల బస్సులు లేక, దిల్‌సుఖ్‌నగర్ ప్రెస్సు నుంచి ఆ పత్రికల కట్ట మోసుకుని నడిచి వస్తున్నాను. ఎల్బీనగర్‌లో ఉద్యమం వాళ్లు నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మా గల్లీ సత్తెమ్మ పిలిచింది.

"అక్కా, పొయ్యి అంటుకుంటలేదు. రెండు కాగితాలియ్యి."

"ఇవి వద్దు సత్తెమ్మా."

అప్పటికే ఒకటి లాగింది. ఫొటో చూసి ఆగింది. "గీమె మన బాలమణి గద. కింద ఏం రాసిండ్రు?"

అందరి ముందూ కూడబలుక్కుని చదివాను. "నా జీవిత సహచరి."

"అంటే నీకేమైతది?"

"మొగనికి పెండ్లాం ఏమైతదో, నాకామె అదే."

సత్తెమ్మ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. అన్నం ఉడికాక మొదటి విస్తరి నాకే వేసింది.

"తిను అక్కా. ఆమె పోయిననాడు బువ్వ వాళ్ల తమ్మునింటికి మోసినం. నీకెవ్వరం పెట్టలే."

కట్ట ఒళ్లో పెట్టుకుని ముద్ద కలిపాను.

ఆ పత్రిక తర్వాత ఎక్కువ కాలం నడవలేదు. మా ఇద్దరి పేర్లు పక్కపక్కన అచ్చయింది ఆ ఒక్కసారే.