ఇత్తడికి పోసిన బియ్యం

రైఫిల్ క్లబ్బు వాళ్లు కాల్చి పడేసిన తూటాల ఇత్తడి గొట్టాలను జ్ఞాపికల కోసం మెరిపించడం ఆటోనగర్ షెడ్డులో నా పని. డ్రమ్ములో వాటితోపాటు రాపిడికి ఏదో ఒకటి వేసి తిప్పాలి. ఊక వేస్తే మసి వదల్లేదు. ఇసక వేస్తే గీతలు పడ్డాయి. చివరికి ఓనరు రేషన్ బియ్యం బస్తా తెచ్చి పొయ్యమన్నాడు.

"తినే బియ్యం కదండీ," అన్నాను.

"ఈ బియ్యం ఎవుడు తింతన్నాడేటి?" అని నవ్వాడు.

ఒళ్లు మండింది. అయినా బస్తా విప్పింది నేనే. గొట్టాలు అద్దంలా మెరిశాయి. నల్లబడిన బియ్యాన్ని కాలవలో పారబోసిందీ నేనే.

మధ్యాహ్నం ఓనరు వచ్చి నా పక్కనే భోజనానికి కూర్చున్నాడు. నా క్యారేజీలో ఉన్నదీ ఆ రేషన్ బియ్యం అన్నమే. ఆకలి లేదని అబద్ధమాడి, సాయంత్రం దాకా మూత తియ్యలేదు.