తడక అవతలి బండ

మా ఇంటి గేటుకు కుడిపక్క ఒక షాబాద్ బండ ఉంటుంది. మనిషి కూర్చుని నీళ్ళు పోసుకునేంత ఉంటుంది. దానికి మూడు వైపులా వెదురు తడక కట్టాను, పక్కనే నల్లా పెట్టించాను. ఇంట్లో బాత్రూం లేక కాదు. నా భార్య ఈదమ్మ డ్యూటీ నుంచి రాగానే ముందు ఆ బండ మీద స్నానం చేసి, పొడి చీర కట్టుకుని, అప్పుడు గడప దాటుతుంది. పద్నాలుగు ఏళ్ళుగా ఇదే వాడుక.

ఈదమ్మ పట్నంలో ఒక పెద్ద దవాఖానలో, పిల్లల వార్డులో ఆయా. మొదట ఆమెకు నాట్లు, కలుపులు, పత్తి ఏరుడు తప్ప ఇంకో పని తెలియదు. మా చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లు అయ్యేసరికి కూలి దొరకలేదు. నేను ఆ ప్లాట్ల చుట్టూ కంచెకు రాతి కడీలు పాతే పనికి పోయాను. గుంత తీయడం, రాయి నిలబెట్టడం, మట్టి దట్టించడం. ఆమె ఎవరో చెబితే కాంట్రాక్టు మీద దవాఖానలో చేరింది. పొద్దున ఆరుకు ఇబ్రహీంపట్నంలో బస్సు ఎక్కితే, ఎనిమిది నుంచి రెండు దాకా డ్యూటీ, నాలుగు లోపల ఇల్లు.

పని అంటే ఊడ్వడం, తుడవడం, దుప్పట్లు మార్చడం, సూది వేసేటప్పుడు పిల్లను కదలకుండా పట్టుకోవడం. ఆ పట్టుకోవడంలో ఈదమ్మను మించిన వాళ్ళు లేరని సిస్టర్లు అనేవారట. పిల్లలకు పేర్లు పెట్టేది. ఊరికే అరిచేవాడు తాసిల్దారు. ఎవరు పిలిచినా పలకని పిల్ల బ్యాంకు మేనేజరు. ఇంటికి వచ్చి తాసిల్దారు ఎట్లా అరిచాడో చేసి చూపితే మా కూతురు నవత, అప్పుడు చిన్నపిల్ల, కడుపు పట్టుకుని నవ్వేది.

చేరేటప్పుడు ఒక పని గురించి మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. వార్డులో పిల్ల చనిపోతే ఒళ్ళు తుడిచి, గుడ్డ చుట్టి, తల్లిదండ్రుల చేతికి ఇవ్వవలసింది ఆయానే.

మొదటిసారి అట్లా జరిగిన రోజు ఆమె అన్నం దగ్గర ఆ ముచ్చట ఎత్తింది. నేను పొద్దంతా గుంతలు తీసి వచ్చి ఉన్నాను. రెండు ముద్దలు తిన్నాక ఇంక లోపలికి పోలేదు. "సావు ముచ్చట బువ్వకాడ తియ్యకు. గవన్ని బయటనే ఇడిసిపెట్టి రా" అన్నాను. మా దిక్కు చావు ఇంటికి పోయి వస్తే బయటనే స్నానం చేసి ఇంట్లోకి రావాలి. ఇదీ అంతే కదా అనుకున్నాను. ఆ వారమే పని దగ్గర మిగిలిన బండ ఒకటి ఆటోలో వేయించుకుని వచ్చి గేటు పక్కన పరిచాను. ఈదమ్మ సంబరపడింది. ఇంటి ముందుకు వచ్చిన వాళ్ళకు, మా ఆయన నాకోసం వేశాడని చూపించుకుంది.

ఆ తర్వాత ఆమె దవాఖాన మాట ఇంట్లో ఎత్తలేదు. నవ్వే ముచ్చట్లు కూడా మెల్లగా తగ్గాయి. నేను అది గమనించలేదు. బండ పనిచేస్తున్నదనుకున్నాను.

పోయిన దసరా తర్వాత నవత తొలికాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మాలో పిల్లకు నీళ్ళు పోసే పని అమ్మమ్మది. కాళ్ళు చాపి కూర్చుని, పిల్లను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, ఉడుకునీళ్ళు పోసి రుద్దాలి. ఈదమ్మ సెలవులు అయిపోయి మళ్ళీ డ్యూటీకి పోతున్నా ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. నాలుగింటికి వచ్చి, బండ మీద తను స్నానం చేసి, ఇంటి వెనక ఎండలో కూర్చుని మనుమరాలికి పోసేది. మా పక్కింటి తాజున్నీసా గోడ మీదుగా చూసి, పిల్లను రుద్దుతున్నావా రొట్టె చేస్తున్నావా అని ఎగతాళి చేసేది.

పిల్లకు రెండు నెలలు నిండిన వారంలో ఒకరోజు నేను పనికి పోలేదు, నడుము పట్టేసి ఇంట్లోనే ఉన్నాను. ఈదమ్మ వచ్చింది, బండ మీద స్నానం అయింది, పిల్లను కాళ్ళ మీద వేసుకుంది. సగం పోశాక చెంబు కింద పెట్టింది. పిల్ల నెత్తి మీద సబ్బు అట్లనే ఉంది. తడిపిల్లను నవత చేతిలో పెట్టి, లేచి, మళ్ళీ గేటు దగ్గర తడక వెనక్కు పోయింది. నల్లా విప్పిన శబ్దం వినిపించింది. పొద్దు గూకేదాకా రాలేదు.

అడిగితే తనకూ నడుము నొప్పి అన్నది. మరునాడు పిల్లకు నీళ్ళు పోయలేదు. తర్వాత ఎత్తుకోవడమూ మానింది. పిల్ల ఏడ్చినా దూరంగా నిలబడి నవతను పిలిచేది. తను మాత్రం రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు బండ మీద కూర్చునేది. సబ్బుకు చేతులు పగిలి, వేళ్ళ సందుల్లో నెత్తురు కనిపించేది. పిల్లకు స్నానం తాజున్నీసా వచ్చి చేయించసాగింది. నేను ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశాను. అంతకన్నా నాకు ఏం తోచలేదు.

మూడో నెల నిండగానే ఆదివారం వచ్చి తీసుకుపోతామని అల్లుడు శ్రీపాల్ ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం నవత నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఆడపిల్ల పుట్టిందనేనా బాపూ? గట్లయితె అమ్మను మొకం మీద చెప్పుమను. ముట్టకుంట ఎన్ని దినాలు తిప్పుతది?"

అట్లాంటిదేం లేదన్నాను. మరి ఏంటో చెప్పమంది. నాకు తెలియదు.

"నేను ఆదివారం పోతె మల్ల రాను. నా బిడ్డను ముట్టని ఇంటికి నేనెందుకు రావాలె?"

నవత మాట అంటే నిలబడే మనిషి. నాకు ఉన్నది ఆ ఒక్క బిడ్డ. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి.

గురువారం నాడు కొంగరకలాన్ దగ్గర కడీలు పాతుతుండగా ఫోన్ వచ్చింది. వార్డులో స్టాఫ్ నర్సు లీదియా. డ్యూటీ అయిపోయి గంటన్నర అయింది, ఈదమ్మ కడిగే గదిలో నల్లా విప్పుకుని కూర్చుంది, పిలిస్తే పలకడం లేదు, వచ్చి తీసుకుపోమంది. నాతో పనిచేసే సిద్దయ్య తన బండి మీద తుర్కయాంజాల్ దాకా దింపాడు. అక్కడి నుంచి షేర్ ఆటోలో పోయాను. ఒంటి మీద మట్టి కూడా కడుక్కోలేదు.

నేను పోయేసరికి ఈదమ్మను బయటికి తెచ్చి, దుప్పట్ల మూటలు పెట్టే గదిలో కూర్చోబెట్టారు. చాయ్ గ్లాసు చేతిలో ఉంది, తాగడం లేదు. లీదియా నన్ను వరండాలోకి పిలిచింది. ఆమె ఇరవై రెండేళ్ళుగా పిల్లల వార్డుల్లో ఉన్న మనిషి. దుప్పట్లు మడత పెడుతూనే మాట్లాడింది.

తనకు కూడా ఒకప్పుడు ఇట్లనే అయిందట. సొంత కొడుకు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ తెల్లవార్లూ కూర్చునేదట. పెద్ద సిస్టర్ ఒకామె పట్టుకుని అడిగితే బయటపడింది. అప్పటి నుంచి ఈ వార్డులో ఒక పద్ధతి పెట్టుకున్నారు. పిల్ల పోయిన రోజు, అప్పుడు అక్కడ ఉన్నవాళ్ళంతా ఇంటికి పోయేముందు ఆ దుప్పట్ల గదిలో కాసేపు కూర్చుంటారు. తాము ఏం చూశారో, ఏం చేశారో ఒక్కొక్కరు చెబుతారు. ఏడవకు అని ఎవరూ అనకూడదు. ధైర్యం చెప్పకూడదు. వినాలి, అంతే. ఒకే వారంలో రెండు చావులు చూసినవాళ్ళను కొన్ని రోజులు చీటీలు రాసే దగ్గరికి పంపుతారు.

"దుక్కం పోతదని కాదన్నా. రేపు మల్ల వార్డులకు రానీకె" అంది.

ఈదమ్మ ఎందుకు కూర్చోలేదని అడిగాను. ఆయాలు కాంట్రాక్టు వాళ్ళు, రెండు కాగానే పోతారు, రమ్మన్నా బస్సు అందదంటారు అంది. ఒక దుప్పటి మడత అయ్యేదాకా ఆగి మళ్ళీ చెప్పింది.

"నేను శానసార్లు పిలిచిన. మా ఇంటికాడ బండ ఉన్నది సిస్టర్, ఆడ కడుక్కుంటె అంత పోతది అనేది. మరి ఇంట్లనన్న ఎవరికి చెప్తవే అంటె, మా ఆయనకు పడదు అన్నది."

ఆమె నన్ను తప్పు పట్టినట్టు అనలేదు. నేను కింద నా చెప్పులకు అంటిన మట్టి చూస్తూ నిలబడ్డాను.

ఇద్దరం బస్సు ఎక్కాం. ఇంటికి రాగానే ఈదమ్మ నేరుగా తడక వెనక్కు పోయింది. నేనూ పోయాను. పద్నాలుగు ఏళ్ళలో ఆమె అక్కడ ఉండగా నేను ఆ తడక దాటడం అదే మొదలు. బకెట్ బోర్లించి కూర్చున్నాను. ఆమె నల్లా మీద చేయి వేసి ఆగింది.

"ఏంది?" అంది.

"గా దినం, పిల్లకు నీళ్ళు పోసుడు సగంల ఆపిన దినం, ఏమైందో చెప్పు."

"బువ్వ తినవ్ మల్ల."

"ఒక్క పూట తినకుంటె సస్తనా?"

నల్లా మీది చేయి తీసింది. తర్వాత చెప్పింది. నాలుగు నెలల ఆడపిల్ల. మూడు రోజులుగా ఊపిరి ఆడక వార్డులో ఉంది. తల్లిదండ్రులు ఎక్కడి నుంచో వచ్చి బిల్డింగు పని చేసుకునేవాళ్ళు. పొద్దున పదకొండింటికి పోయింది. తల్లి పిల్లను ఎవరికీ ఇవ్వలేదు, ఆఖరికి ఈదమ్మ చేతిలో పెట్టింది. పెట్టి ఒక్క మాట అంది.

"సల్లనీళ్ళు పొయ్యకక్కా, దానికి సలి పడదు అన్నది."

ఈదమ్మ క్యాంటీన్ దాకా పోయి ఉడుకునీళ్ళు అడిగి తెచ్చింది. బతికి ఉన్న పిల్లకు చూసినట్టే మోచేయి ముంచి వేడి చూసింది. కడిగే గదిలో కింద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టి పోసింది. ఇంకోలా పోయడం ఆమెకు రాదు.

"ఉడుకునీళ్ళకు పెయ్యి ఎచ్చగైంది. జరసేపు నాకు బతికిందనిపిచ్చింది. పోస్తనే ఉన్న. నీళ్ళయిపోయినంక మల్ల సల్లగైంది."

కొంగు నోటికి పెట్టుకుంది. తీసింది.

"అదే దినం, అవే కాళ్ళ మీద మన పిల్లను ఏసుకున్న. చెంబు ఆపితె ఇది గూడ సల్లగైతదని బయమైంది. అప్పటికెల్లి ముట్టుకుంటె నాకు ఏది ఏ పిల్లనో తెలుస్తలేదు."

మరచిపో, అంతా దేవుడి చేతిలో ఉంది, మన పిల్ల బాగానే ఉంది కదా. ఈ మాటలన్నీ నా నోటి దాకా వచ్చాయి. లీదియా చెప్పింది గుర్తొచ్చి మింగాను. నవతకు చెప్పాలి అని నేనంటే, నువ్వే చెప్పు, నాతోని కాదు అంది. ఆ రాత్రి ఆమె అన్నం తిన్నది, నేను తినలేదు.

నవతకు నేను చెప్పాను. అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పిల్లను మంచం మీద పడుకోబెట్టి, పోయి తల్లి పక్కన కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

శుక్రవారం ఈదమ్మ డ్యూటీకి పోయి ఐదున్నరకు వచ్చింది. బస్సు తప్పిందా అంటే, కాదు, ఆ గదిలో కూర్చున్నాను అంది. ఏం చెప్పావు అన్నాను. ఏం చెప్పలేదు, ఊరికే కూర్చున్నాను, వాళ్ళు చెబుతుంటే విన్నాను అంది.

ఆదివారం పొద్దున నవత నీళ్ళు కాచింది. తాజున్నీసా ఎప్పటిలాగే వచ్చి పీట వేసుకోబోతే ఆగమంది. ఈదమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఎవరూ పిలవలేదు. తనే వచ్చి కూర్చుని కాళ్ళు చాపింది. నవత పిల్లను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. ఈదమ్మ చెంబు ఎత్తబోయి దించేసింది. నవత చెంబు తీసుకుని తనే పోసింది. ఈదమ్మ ఒక చేయి పిల్ల రొమ్ము కింద పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చుంది.

నీళ్ళు ఆగాయి.

"ఆపకు" అంది ఈదమ్మ.

"అయిపోయినయమ్మా. ఇగ లేవు."

ఈదమ్మ పిల్ల వీపు మీద చెంప ఆనించింది. పిల్లకు చలి వేసి గుక్కపట్టి ఏడ్చింది. నవత టవల్ తీసుకుని ముందుకు వచ్చింది.

"ఏడ్వనీయ్ బేటీ, ఆమెను జర ఇననియ్" అంది తాజున్నీసా.

ఒళ్ళంతా ఆరేదాకా ఈదమ్మ ఆ చేయి తీయలేదు. తర్వాత పిల్లను ఇచ్చేసి, బట్టలు తడిసినా అట్లనే చాలాసేపు కూర్చుంది.

మధ్యాహ్నం శ్రీపాల్, వాళ్ళమ్మ వచ్చారు. తిన్నారు. కారులో సామాను పెట్టారు. గేటు దగ్గర నవత తల్లి పగిలిన చేతులు రెండూ పట్టుకుని చూసి, కొబ్బరినూనె రాసుకోమంది. ఐదో నెలలో వస్తాను అంది. కారు పోయాక ఈదమ్మ బండ దగ్గరికే పోయింది.

ఇప్పుడూ పోతుంది. రోజుకు ఒకసారి, కొన్ని రోజులు రెండుసార్లు. నేను ఇంట్లో ఉంటే పోయి బకెట్ మీద కూర్చుంటాను. చెబితే వింటాను. కొన్ని రోజులు ఒక్క ముక్కే చెబుతుంది, కొన్ని రోజులు అదీ ఉండదు. విన్న రోజు నాకు నిద్ర రాదు. ఆ ఉడుకునీళ్ళ సంగతి ఒకసారి గుంత తీస్తూ సిద్దయ్యకు చెప్పేశాను. గడ్డపార పక్కన పెట్టి విన్నాడు. ఆ రోజు నాలుగు కడీలు తక్కువ పాతాం.

నిన్న వార్డులో ఇద్దరు పిల్లలు పోయారట. గాలి చల్లగా ఉందని నేను పొయ్యి మీద నీళ్ళు కాచి, బకెట్‌లో పోసుకుని తడక దగ్గరికి తీసుకుపోయాను. ఈదమ్మ బకెట్‌లో చేయి పెట్టి వెంటనే తీసేసింది.

"ఉడుకువి వద్దు. ఇంక వద్దు" అంది.

ఆ నీళ్ళు మోరీలో పారబోసి, బకెట్ నల్లా కింద పెట్టాను.