అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి ట్రాలీ మీద వెళ్లిన పందెం కారు

మా అమ్మాయి శిరీష ఫోన్ చేసి, "నాన్నా, రేపు పొద్దున్నకి హైదరాబాద్ రాగలవా? ఒక హ్యాండిల్ తిప్పాలి" అంది. ఎందుకు, ఏమిటి అని కూడా అడగలేదు నేను. తణుకులో చెరకురసం మిషను చక్రం తిప్పీ తిప్పీ కాయలు కాసిన చేతులివి. దుకాణం మూసేశాక ఈ చేతులతో ఇక పనేముంది అనుకుంటుంటే, ఏకంగా రాజధానిలో చక్రం తిప్పే పని తగిలింది! ఆ సాయంత్రమే సంచి సర్దుకున్నాను. పిల్లల పని మీద అమీర్‌పేట వెళ్లే తల్లిదండ్రులు చాలామంది ఉంటారు కదా, వాళ్లకి పనికొస్తుందని ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను. చదివింది ఏడో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

అసలు సంగతి చెప్పాలి. శిరీష మెకానికల్ ఇంజినీరింగు చదివింది. ఈ రోజుల్లో ఏ బ్రాంచి చదివినవాళ్లయినా అమీర్‌పేటలో ఒక కోర్సు చేసి సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిపోతున్నారు. మా పిల్ల మాత్రం అదే అమీర్‌పేటలో కంప్యూటర్ మీద కార్లు గీయడం నేర్చుకుంది. రెండేళ్లు గడిచినా ఉద్యోగం రాలేదు. చివరికి వాళ్లమ్మకి మాటిచ్చింది, ఈ ఒక్క ఇంటర్వ్యూ చూసుకుంటాను, ఇదీ పోతే కార్ల మాట ఎత్తకుండా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరిపోతాను అని. కార్లు డిజైన్ చేసే ఒక విదేశీ కంపెనీ ఇక్కడ ఆఫీసు తెరుస్తోందట. ఆఖరి రౌండులో, మీ చేత్తో చేసినది ఏదైనా తెచ్చి మా ముందు నడిపి చూపించండి అన్నారట. హ్యాండిల్ తిప్పాల్సిన స్నేహితురాలు మేరీకి సరిగ్గా ముందురోజే చికెన్‌పాక్స్ వచ్చింది. అలా ఆ పని నాకు దక్కింది.

రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాద్‌లో దింపుతుంది. స్లీపర్ టికెట్టు రెండు వందలకి అటూ ఇటూ అవుతుంది. స్టేషన్ బయటే అమీర్‌పేట సిటీ బస్సులుంటాయి, పది రూపాయల లోపే. మైత్రీవనం దగ్గర దిగి తల పైకెత్తితే భవనం కనిపించదు, కోచింగ్ సెంటర్ల బోర్డులే కనిపిస్తాయి. నాలుగడుగులు వేశానో లేదో ఒక అమ్మాయి నా చేతిలో కాగితం పెట్టింది.

"అంకుల్, జావా డెమో ఫ్రీ. ఇప్పుడే మొదలవుతోంది, రండి."

"నాకెందుకమ్మా జావా?"

"మీ అబ్బాయికి అంకుల్."

"నాకున్నది అమ్మాయి తల్లీ. పందెం కారు తయారుచేసింది!"

ఆ పిల్ల పాపం కాసేపు ఆలోచించి, "ఆ కోర్సు మా దగ్గర లేదంకుల్" అంది. నవ్వుకుంటూ పక్క బండి మీద ఇడ్లీ తిని, ఎస్.ఆర్. నగర్ సందులోకి నడిచాను. శిరీష ఉండే హాస్టలు వెనకాల ఒక వెల్డింగ్ షెడ్డు ఉంది. సగం అద్దెకి తీసుకుని అందులోనే చేసిందట కారు.

కారు చుట్టూ ఓసారి తిరిగి చూశాను. మంచమంత పొడుగు, మోకాలెత్తు. ముందు భాగం నేలని వాసన చూస్తున్నట్టు వంగి ఉంది. ఒళ్లంతా గాలి కోసినట్టు వంపులు. నారింజ రంగు. పైదంతా ఫైబరు, థర్మాకోల్. కానీ సీటు వెనక ఉన్న ఇంజను మాత్రం నిజం లోహం, లోపల ఏం జరుగుతుందో కనబడేలా మీద అద్దం లాంటి మూత. అందులో పిస్టన్లు లేవు. నడుం దగ్గర కాస్త నొక్కుకుపోయిన వేరుశనక్కాయ ఆకారంలో ఒక గది, ఆ గదిలో పొట్ట ఉబ్బిన ముక్కోణం దిమ్మ ఒకటి. దాన్నే రోటర్ అంటారట. నేను తిప్పాల్సిన హ్యాండిల్ దానికే బిగించి ఉంది.

"మామూలు ఇంజన్లో పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకుంటుంది నాన్నా. ఇది కొట్టుకోదు, తిరుగుతుంది అంతే. అందుకే చిన్నది, తేలికైనది, పందెంలో పెడితే అరుపు మామూలుగా ఉండదు" అంటూ మొదలుపెట్టింది. ఇక ఆపితే ఒట్టు! జర్మనీలో పుట్టిన ఆలోచనట. చాలా కంపెనీలు మోజుపడి, కష్టం చూసి వదిలేశాయట. జపాను వాళ్లు మాత్రం పట్టు వదల్లేదట. రోటర్ మూలలు లోపలి గోడని రాసుకుంటూ తిరగాలి కదా, ఆ గోడ మీద గీతలు పడిపోతుంటే, వీటిని దెయ్యం గోళ్ల గీతలు అని తిట్టుకుంటూనే ఏళ్ల తరబడి సరిచేశారట. చివరికి ఫ్రాన్సులో ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా నడిచే పందెంలో నాలుగు రోటర్ల కారు అందర్నీ దాటేసి గెలిచిందట. ఆ తర్వాత రూల్సు మారి ఆ ఇంజనుకి అక్కడ చోటే లేకుండా పోయిందట. ఈ మధ్యే ఆ జపాను కంపెనీ మూడు రోటర్లతో ఒక కొత్త నమూనా కారు చూపించింది, అది పెట్రోలుతో కాదు, స్పిరిట్‌తో నడుస్తుందట. మన చక్కెర ఫ్యాక్టరీల్లో మడ్డి నుంచి తీస్తారే, ఆ రకం! చెరకుతో బతికినవాణ్ణి, ఆ మాట వినగానే ఆ కారు మా చుట్టాలదే అనిపించింది.

హ్యాండిల్ తిప్పడం అరగంటలో పట్టుబడింది. శిరీష కాగితాలు తెచ్చుకుని బట్టలు మార్చుకోవడానికి హాస్టలుకి వెళ్లింది. ఈలోగా ట్రాలీ ఆటో వచ్చింది. డ్రైవరు పేరు యాదగిరి. రానూపోనూ, మధ్యలో వెయిటింగుతో కలిపి మూడు వందల యాభైకి మాట్లాడింది మా అమ్మాయి.

"ఏంది పెద్దాయనా, గిదేం బండి? డోర్లు లేవు, లైట్లు లేవు."

"పందెం కారు బాబూ. ఇదిగో ఇంజను, చూడు."

వంగి చూశాడు. "అరె, గిది ఇరానీ హోటల్ల సమోస లెక్కనే ఉన్నది గదా!"

మా ఆవిడ సంచిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, కుంకుమ పొట్లం పెట్టి, బండి కదిలే ముందు పూజ చెయ్యకపోతే ఇంటికి రానక్కర్లేదని చెప్పి మరీ పంపింది. ఆ మాట యాదగిరికి చెప్పాను.

"చెయ్యాలె మరి! కొత్త బండికి పూజ చెయ్యకుండ పంజాగుట్ట ట్రాఫిక్‌ల దింపుతరా? జర ఆగు, నిమ్మకాయలు నేను పెడ్త."

ట్రాలీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. కారు ముందు బొట్టు పెడదామంటే నారింజ రంగు మీద ఎరుపు ఆనలేదు. "బండికి పానం ఇంజన్ల ఉంటది పెద్దాయనా, గాడ పెట్టు" అన్నాడు యాదగిరి. నాకూ సబబే అనిపించింది. మూత తీసి, కుంకుమలో రెండు చుక్కల కొబ్బరినూనె కలిపి, రోటర్ మూడు మూలలకీ నిండుగా బొట్లు పెట్టి, మళ్లీ మూత బిగించి, దుమ్ము పడకుండా మీద నా తువ్వాలు కట్టాను. శిరీష వచ్చి నిమ్మకాయలు చూసి నవ్వింది. లోపలి బొట్ల సంగతి నేను చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాల్సిన విషయమని తోచలేదు.

తొమ్మిది దాటాక బయల్దేరాం. శిరీష ముందు కూర్చుంది, నేను వెనక కారుని పట్టుకుని నిలబడ్డాను. నిజంగా చెబుతున్నాను, పెళ్లి ఊరేగింపులో కూడా నన్ను అంతమంది చూడలేదు! బస్సు కిటికీల్లోంచి చేతులూపారు. బైకుల మీద కుర్రాళ్లు పక్కనే వస్తూ, "అంకుల్, ఏ షోరూం?" అని అరిచారు. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యడ్డం పెట్టాడు.

"ఏయ్, పక్కకు పెట్టు. గిదేంది? నంబర్ ప్లేటేది?"

"సార్, గీ పిల్ల సొంతంగ చేసింది సార్. కొలువు కోసం చూపియ్యనీకి తీస్కపోతున్నం" అన్నాడు యాదగిరి.

ఆయన చుట్టూ తిరిగి చూసి నన్నడిగాడు. "మైలేజ్ ఎంతిస్తది?"

"చేత్తో ఎంతసేపు తిప్పితే అంత సార్."

నవ్వేశాడు. "పోండ్రి, పోండ్రి. కొలువొస్తే మిఠాయి మరువకు పెద్దాయనా."

సర్కిల్ దాటాక ఒక హోటల్లో మీటింగు హాలు. లోపల తెల్లగడ్డం తెలుగు ఇంజినీరు ఒకాయన, పక్కన జపాను ఆయన ఒకరు. మా వంతు వచ్చింది. శిరీష ఇంగ్లీషులో, మధ్యలో తెలుగులో గడగడా చెబుతోంది. నేను తువ్వాలు విప్పి హ్యాండిల్ పట్టుకున్నాను. "ఈ మూడు మూలలూ గోడని ఎక్కడా వదలవు సార్" అని నాకు సైగ చేసింది. నేను తిప్పాను.

రోటర్ కదిలింది. తళతళలాడే గోడ మీద ఎర్రగా గీత పడుతూ వెళ్లింది. శిరీష మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె ముఖం పాలిపోయింది.

"ఇదేంటమ్మా ఎరుపు?" అన్నారు ఇంజినీరు గారు.

"నేనేనండీ" అన్నాను. "పూజ చేసి బొట్టు పెట్టానండీ. పిల్లకి తెలీదు. దాని తప్పేం లేదు."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. మూత తీయించి వంగి చూసి, గోడ నడుం దగ్గర వేలు పెట్టారు. "గీత అంతా వచ్చి ఇక్కడ తెగిందేం?"

నేనూ చూశాను. చుట్టూ ఎర్రగా ఉంది, నొక్కుకుపోయిన చోట మాత్రం బెత్తెడు మేర తెల్లగా ఉండిపోయింది. వదలవు అని చెప్పి నోరు మూయకముందే వదిలిన చోటు బయటపడింది! శిరీష కాసేపు అలాగే చూసి, "నేను చెప్పింది తప్పు సార్. ఇక్కడ మూలలు గోడని తాకట్లేదు" అంది. "నిజం ఇంజనైతే ఈ సందులోంచే ఒత్తిడంతా పోతుంది. మూలల్లో పట్టీలు అంటించేశాను. వాటి వెనక స్ప్రింగు ఉండాలి, గోడ కాస్త దూరంగా ఉన్నచోట పట్టీని బయటికి నెట్టడానికి. పది నిమిషాలిస్తారా?"

ఇచ్చారు. జడలోంచి పిన్నులు తీసింది. నల్లటి స్టీలు పిన్నులు, పళ్లతో వంచి విల్లులా చేసింది. పట్టీలు పీకి, ఒక్కోదాని వెనక ఒక్కో పిన్ను పెట్టింది. నా తువ్వాలు లాక్కుని గోడ శుభ్రంగా తుడిచింది. జుట్టంతా ముఖం మీద పడుతుంటే చేతి వెనకతో నెట్టుకుంటూ నా వైపు తిరిగింది.

"నాన్నా, కుంకుమ ఇంకా ఉందా?"

పొట్లం తీసిచ్చాను. ఈసారి తనే పెట్టింది బొట్లు. "తిప్పు" అంది. చెరకు గడ నలగకుండా మిషన్లోకి ఎక్కించేటప్పుడు ఎలా తిప్పుతామో అంత నిదానంగా తిప్పాను. ఎర్రగీత నడుం దగ్గరికి వచ్చింది, ఆగలేదు, వంపు తిరిగి అవతలికి వెళ్లిపోయింది. చుట్టూ ఎక్కడా తెగలేదు! జపాను ఆయన గోడ మీద వేలు రాసి, ఎర్రబడిన వేలు చూసుకుని ఏదో అన్నారు. ఇంజినీరు గారు మాకు తెలుగులో చెప్పారు. "వాళ్ల వర్క్‌షాపులో ఇలా చూడ్డానికి నీలం రంగు పూస్తారట. మీ రంగే బాగుందంటున్నారు."

సాయంత్రం ఎంపికైన ఇద్దరి పేర్లు చదివారు. రెండో పేరు శిరీష. నేను పెట్టిన కేకకి బయట ట్రాలీలో పడుకున్న యాదగిరి లేచి కూర్చున్నాడట! తిరిగి వచ్చేటప్పుడు పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా హారన్ మీద చెయ్యి తీయలేదు అతను. సిగ్నల్ దగ్గర కానిస్టేబులు డ్యూటీ దిగి వెళ్లిపోయాడు, మిఠాయి ఆయన బదులు వచ్చినాయనకి ఇచ్చాం.

ఇన్నాళ్లూ పిల్లకి ఉద్యోగం రావాలని మొక్కుకున్నానే గానీ, పిల్ల పని చేస్తుంటే ఒక్కసారీ చూడలేదు నేను. ఫోన్లో అడిగేది తిన్నావా, డబ్బులున్నాయా అనే. ఆ హాల్లో తన తప్పు అందరి ముందూ బయటపడ్డ నిమిషంలో ముందు భయపడింది. తర్వాత ఆ తెగిన చోటుని చూస్తూ చూస్తూ భయం సంగతే మరిచిపోయింది. ఎదురుగా ఉన్నవాళ్లూ, ఉద్యోగమూ, నేనూ, ఎవరమూ లేం అప్పుడు ఆ పిల్లకి. ఆ ముఖం చూశాక నాలో నేను ఒకటి నిశ్చయించుకున్నాను. ఈ ఉద్యోగం రాకపోయినా సరే, టెస్టింగ్ కోర్సు మాట ఇంట్లో మళ్లీ ఎవరెత్తినా ఒప్పుకోను, మా ఆవిడతో నేనే మాట్లాడతాను. పేర్లు చదివింది ఆ తర్వాత.

ఎస్.ఆర్. నగర్ నుంచి పంజాగుట్టకి మీరూ ఇలా ఏదైనా సున్నితమైన వస్తువు తీసుకెళ్లాల్సి వస్తే ఒక్కమాట. ట్రాలీని ముందురోజే మాట్లాడుకోండి, తొమ్మిది లోపే బయల్దేరండి. ముందు సీటు పిల్లలకిచ్చి, వస్తువుని పట్టుకుని మీరు వెనక నిలబడండి. ఎండా పొగా తప్పవు గానీ, మీ పిల్లలు చేసినదాన్ని ఊరు ఊరంతా ఎలా చూస్తోందో అక్కడి నుంచే కనిపిస్తుంది.