గుడ్డ కింద మిగిలిన నలుపు

గుళ్ళవాళ్ళు బూడిద రంగు రాయిలో విగ్రహం చెక్కించుకుని, నల్లగా నిగనిగలాడాలంటారు. శిల్పిగా యాభై ఏళ్ళుగా ఈ మాటకు నాకు ఒళ్ళు మండుతోంది. ఆముదం, మసి కలిపి నెల రోజులు రుద్దితే వచ్చే నలుపు అది. ఈ ఏడాది భుజం నొప్పితో నేనే నంద్యాల అంగడిలో కొన్న సీసా రంగు పూస్తున్నాను. ఈ అమ్మవారికీ అదే పూశాను. ప్రతిష్ఠ దాకా ఉంచే ఆచారం ప్రకారం కళ్ళకు గుడ్డ కట్టి, ఆళ్ళగడ్డలో మా షెడ్డు బయట పది రోజులు ఎండలో నిలబెట్టాను.

ఈ రోజు కొలిమిగుండ్ల నుంచి గుడి పెద్ద వచ్చాడు. ఆయన బడిలో సైన్సు సారు. ఒక్కసారి చూస్తానంటే గుడ్డ విప్పాను. కళ్ళ మీద నల్ల పట్టీ, మిగతా మొహమంతా, రోజూ చూసే నాకు తెలియకుండానే, పాలిపోయి ఉంది.

"ఏందప్పా ఇది?"

"అమ్మకు కోపమొచ్చినట్టుండాది సారూ."

"కోపం కాదు, ఎండ. ఆ రంగు రాతికి పైపైన అంటుకోనుండాది. ఎండ తగిలిన కాడ వెలిసిపాయ, గుడ్డ కింద మిగిలింది."

కోపమే అయితే అమ్మ కాళ్ళు పట్టుకునేవాణ్ణి, ఎండను ఎట్లా వేడుకోను? ఇదే రంగు పూసిన నా విగ్రహాలు రెండు ఇప్పటికే గుళ్ళ ముందు ఎండలో ఉన్నాయి.

శుక్రవారం ప్రతిష్ఠ. రంగు అమ్మిన అంగడాయనా, దీన్ని మొత్తం తుడిచెయ్యాలంటే ఎట్లాగో గురువారం పొద్దు గూకేలోగా వచ్చి చెప్పు. తెలిసిన శిల్పులెవరైనా చెప్పండి. లేదంటే శుక్రవారం ఊరందరి ముందు, పూసిన చెయ్యి నాదేనని నేనే చెబుతాను.