హైబార్ కింద పరుపు

2023 వేసవి. రాజమండ్రి రోడ్ల మీద తారు బెల్లప్పాకంలా సాగుతున్న రోజులు. నా పరుపుల దుకాణంలో ఫ్యాను తిరిగేది గానీ, గాలి మాత్రం గోదావరి అవతలి ఒడ్డునే ఆగిపోయేది. ఇరవై ఏళ్ళకు పైగా పరుపులు కోసి, కుట్టి, అమ్ముతున్నాను. మా దుకాణానికి ఒకటే నియమం. ఏ పరుపు మీదైనా కొనేవాళ్ళకంటే ముందు నేను పడుకోవాలి. నేను రేవు దాటుతుంటే పడవవాడు మిగతా జనాన్ని తర్వాతి పడవకి రమ్మంటాడు. అలాంటి నన్ను మోసిన పరుపు ఇంకెవరినైనా మోస్తుంది.

ఆ మధ్యాహ్నం ఇమ్మానుయేలు వచ్చాడు. ఊళ్ళో అతన్ని ఎరగనివాళ్ళు లేరు. జిమ్నాస్టిక్స్‌లో ఏళ్ళ తరబడి రాష్ట్ర ఛాంపియన్. లారీ పట్టేంత గుమ్మం మాది. అయినా ఆ భుజాలు చూసి అడ్డంగా ఉన్న పరుపుల దొంతర పక్కకి జరిపాను. అంతటి మనిషీ అడుగు మాత్రం తడి గచ్చు మీద వేసినట్టు వేస్తున్నాడు. ముందు ఏడాది పోటీల్లో హైబార్ మీద నుంచి దిగుతూ చీలమండ విరగ్గొట్టుకున్నాడు.

హైబార్ అంటే మనిషి ఎగిరినా అందనంత ఎత్తున రెండు స్తంభాల మధ్య బిగించిన ఇనప కడ్డీ. దాన్ని పట్టుకుని గిరగిరా తిరిగి, చేతులు వదిలేసి, గాల్లో పల్టీలు కొట్టి, అల్లంత దూరాన రెండు కాళ్ళ మీద నిలబడాలి. ఆ దిగడాన్ని డిస్మౌంట్ అంటారు.

"దిగే చోట వెయ్యడానికి మందంగా మ్యాట్ కావాలి బాబాయి గారూ. మెత్తగా ఉండాలండి," అన్నాడు. "ఎముక అతుక్కుందని డాక్టరు గారు చెప్పేశారు. నెలాఖరున రాష్ట్ర టీంకి సెలెక్షన్స్. ఈసారి టీంలో లేకపోతే ఇంక ఆట మానేస్తానండి. ఇరవై ఏడొచ్చాయి."

"ఇరవై ఏడుకేనా? ఆ వయసులో నేనింకా పెరుగుతున్నాను."

"మీరు ఇప్పటికీ పెరుగుతున్నారు కదండి."

ఆ మాటకే అతనంటే ఇష్టం పుట్టింది.

ఫోమ్‌కి డెన్సిటీ అని ఒకటుంటుంది. ఎంత చోట్లో ఎంత సరుకు కూరారన్నది. మంచి డెన్సిటీ చూసి మ్యాట్ చేసి, మీద పడుకుని చూసి, అతను సాధన చేసే వ్యాయామశాలకి పంపాను. వారం తిరక్కుండా ఆటోలో వెనక్కొచ్చింది. "గట్టిగా ఉందండి." పై పొర మార్చాను. మళ్ళీ వచ్చింది. "ఇంకొంచెం మెత్తగా చెయ్యండి." మూడోసారి ఎంత మెత్తగా చేశానంటే, దాని మీదెక్కిన మా దుకాణం పిల్లి సాయంత్రం దాకా పైకి తేలలేదు. అదీ గట్టిగానే ఉందని ఫోన్ చేశాడు.

ఇంక నేనే బయల్దేరి వ్యాయామశాలకి వెళ్ళాను. కోచ్ సూర్యనారాయణ మాస్టారు దిగులుగా కూర్చుని ఉన్నారు. హాలు ఆ చివర ఇమ్మానుయేలు చీలమండకి పట్టీ చుట్టుకుంటున్నాడు. మ్యాట్ చూశాను. నా దగ్గరికి తిరిగొచ్చే ప్రతి పరుపూ మనిషి గుర్తు మోసుకొస్తుంది. దీని రెగ్జిన్ మీద మడత గీతలు అలాగే ఉన్నాయి. మీద సన్నటి దుమ్ము. మడమ గుర్తు ఒక్కటీ లేదు.

"దీని మీద ఎవరూ దూకలేదేంటండి?" అని మెల్లిగా అడిగాను.

"బార్ ఎక్కుతాడండి, బ్రహ్మాండంగా తిరుగుతాడు," అన్నారు మాస్టారు. "వదిలే టైముకి వేళ్ళు విడిపోవట్లేదు. ఆగిపోయి కడ్డీ కిందే జారి దిగిపోతాడు. మీ పరుపు అంత దూరాన చూస్తూ పడుంటుంది. దానికో వంక పెడతాడు."

నేను గొంతు పెంచి, "ఇమ్మానుయేలూ, తప్పు మా షాపుదేనయ్యా. పడుకుని చూశాను గానీ ఎత్తు నుంచి పడి చూడలేదు. ముందు నేను పడాలి. మా రూలు," అన్నాను.

పరుపు కడ్డీ కిందకి లాగారు. నన్ను బార్‌కి అందించడానికి ఇద్దరూ పడ్డ అవస్థ చూస్తే, గుడికి ధ్వజస్తంభం ఎత్తడం తేలిక. అందుకున్నాను. వేలాడాను. అప్పుడు తెలిసింది, నా వేళ్ళూ విడిపోవట్లేదని.

"వదిలేయండి బాబాయి గారూ. మీరు చేసిన పరుపేగా," అన్నాడు ఇమ్మానుయేలు నవ్వుతూ.

"ఆ సంగతి బుర్రకి తెలుసు నాయనా. వేళ్ళకి ఎవరు చెప్తారు?"

అతను నవ్వు ఆపేశాడు. తర్వాత దగ్గరికొచ్చి, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"కిందకి చూడకండి. ఎదురుగా కిటికీ చూడండి. ఊపిరి వదలండి. దాంతోపాటే వేళ్ళూ వదిలేయండి. నేనిక్కడే ఉన్నానండి."

వదిలాను. నా కాళ్ళకీ పరుపుకీ మధ్య జానెడే ఉందని మాస్టారు ఇప్పటికీ అంటారు. నాకైతే ధవళేశ్వరం బ్యారేజీ మీద నుంచి పడ్డట్టే ఉంది. కిటికీ అద్దాలు మోగాయి. వీధిలో రెండు ఆటోలు ఆగాయి. పరుపు మాత్రం పట్టుకుంది.

నన్ను పైకి లాగాక ఇమ్మానుయేలు తన అరచేతులు చూసుకున్నాడు. పరుపు తనే పాత చోటుకి జరిపాడు. చేతులు జారకుండా పూసుకునే చాక్ పొడి పూసుకుని బార్ ఎక్కాడు. మాస్టారు పక్కకి తిరిగిపోయారు. రెండు చుట్లు. మూడో చుట్టులో కిటికీకేసి చూశాడు. ఫూ మని ఊపిరి వినపడింది. వేళ్ళు విడిపోయాయి. గాల్లో రెండు పల్టీలు. దిగాడు. ఒక్క అడుగు ముందుకి తూలి, నిలబడ్డాడు. చీలమండ నిలిచింది.

మాస్టారు ఉన్నచోటే నేల మీద కూలబడి కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను బిగబట్టిన ఊపిరి వదిలితే హాల్లో చాక్ పొడంతా లేచింది.

"గట్టిగా ఉందా?" అన్నాను.

"సరిపోయిందండి," అన్నాడు, పరుపు మీద వెల్లకిలా పడుకుని నవ్వుతూ.

ఆ నెలాఖరున టీంలోకి వచ్చాడు. ఇంకో రెండు సీజన్లు ఆడాడు, ఇప్పుడు ఆ వ్యాయామశాలలోనే నేర్పుతున్నాడు. నాకూ ఓ అలవాటు మారింది. ఎవరైనా పరుపు వెనక్కి తెస్తే వెంటనే కత్తెర తియ్యను, ముందు గుర్తు చూస్తాను. గుర్తు లేకపోతే కుర్చీ వేసి, టీ తెప్పించి, నిద్ర ఎందుకు పట్టట్లేదో అడుగుతాను. ఫోమ్ కోయాల్సిన పని సగం తగ్గింది.

ఆ మ్యాట్ ఇంకా అక్కడే ఉంది. ఒక పక్క ఇమ్మానుయేలు మడమల గుర్తులు, నడిమధ్యన నేను పడ్డ గుంట. కొత్తగా చేరినవాళ్ళు కడ్డీ వదలడానికి భయపడితే ఆ గుంట చూపిస్తాడట.

"ఆ బాబాయి గారే వదిలారు. నీకేంటి?"