ఫోన్ నా చేతిలో, లొకేషన్ నవాపూర్‌లో

“దేఖ్ లావణ్యా, సచ్ బోల్. పాస్‌వర్డ్ ఎవరికిచ్చావ్?” అని హేతల్ బెన్ మూడోసారి అడిగేసరికి, నేను లాప్‌టాప్ ఎత్తి గదంతా తిప్పి చూపించాను. ఇదిగో గోడ, ఇదిగో గ్యాస్ పొయ్యి, ఇదిగో మా అమ్మ. సూరత్, గోడాదరా, రెండో అంతస్తు. వీడియో కాల్‌లో ఇంతకంటే ఏం సాక్ష్యం చూపించను?

ఫోన్‌లో ఆఫీసు యాప్ మాత్రం నేను నవాపూర్‌లో ఉన్నానంటోంది. అదీ వరుసగా మూడో రోజు. నవాపూర్ ఎక్కడ, నేనెక్కడ? అది గుజరాత్ దాటాక వచ్చే ఊరు.

దయ్యాల కథలు వింటే నాకు నవ్వొస్తుంది. పది వరకే చదివాను గానీ, ప్రతిదానికీ నిమ్మకాయ కట్టే రకం కాదు. నాకున్న రోగం అనుమానం. ఏం జరిగినా దీని వెనక ఎవరున్నారా అని చూస్తాను.

మొదటి లాక్‌డౌన్ రోజులవి. ఆన్‌లైన్‌లో చీరలమ్మే చిన్న కంపెనీలో ఫిర్యాదులకు జవాబులు రాయడం నా పని. హేతల్ బెన్ మా సూపర్‌వైజర్; బెన్ అంటే గుజరాతీలో అక్క. ఇంట్లోంచే చేసేదాన్ని. పొద్దున పదింటికి లాప్‌టాప్ తెరవగానే ఫోన్‌లో యాప్ మోగుతుంది. లాగిన్ అవుతున్నది నువ్వేనా అని అడిగి, కింద ఊరి పేరు చూపిస్తుంది. ఆ పేరు ఆఫీసులోనూ కనిపిస్తుంది.

నా పాత ఫోన్‌లో ఆ యాప్ ఎక్కలేదు. అందుకని మా అన్న రాజేశం తన ఫోన్ నాకిచ్చాడు. అందులో నా సిమ్ వేసుకున్నాను. అన్న సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. అవి ఆగిపోయాయి. ఊళ్ళో వదినకు నెలలు నిండాయి. బస్సు లేదు, రైలు లేదు. సోమవారం తెల్లవారుతుండగా తోటి పనివాడు మల్లేశం మామతో కలిసి మెట్‌పల్లి దగ్గరున్న మా ఊరికి నడక మొదలుపెట్టాడు. మామ దగ్గర బటన్ల ఫోన్ ఉంది, దాంట్లోంచి చేస్తానన్నాడు. మర్నాటి నుంచి ఆ ఫోన్ మోగలేదు.

సోమవారం యాప్ కడోదరా అంది. పక్కనే కదా అని వదిలేశాను. మంగళవారం బారడోలి అంది. కింది గదివాళ్ళు నా నెట్ వాడుకుంటున్నారేమోనని పాస్‌వర్డ్ మార్చాను. బుధవారం వ్యారా అంది. ఇక అమ్మనే నిలదీశాను, ఫోన్ ఎవరికిచ్చావని.

“పచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప నాకేం తెల్వదే. నామీద పడ్డవేంది?” అంది అమ్మ.

గురువారం సోన్‌గఢ్, శుక్రవారం నవాపూర్. ఈ పేర్లన్నీ చదువుతూ తిట్టుకుంటుంటే అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగింది. “గవన్నీ మనం ఊరికి వొయ్యే తొవ్వల ఊర్లే గదనే.”

నిజమే. బస్సులో పోయేటప్పుడు ఆ ఊళ్ళన్నీ అదే వరుసలో వస్తాయి. అయినా ఒప్పుకోలేదు. అన్న ఇంకో ఫోన్ కొని నా ఐడీ వాడుతున్నాడేమోనని తోడబుట్టినవాడినే అనుమానించాను. వాడి అకౌంట్ ఏదైనా ఫోన్‌లో మిగిలిందా అని వెతికాను. ఏమీ లేదు. ఇచ్చేముందే అంతా తుడిచేశాడు.

అమ్మకు ఏ అనుమానమూ లేదు. పదింటికల్లా నా పక్కన చేరి, “ఇయ్యాల యాడున్నడు?” అనేది. శనివారం కూడా నవాపూరే. ఆదివారమూ అదే అనేసరికి అన్నం ముట్టలేదు. “నడిసేటోడు ఎందుకాగిండే?” అని అదే మాట.

హేతల్ బెన్ నన్ను పట్టుకున్నది ఆ ఆదివారమే. పాపం, తిట్టినా కాల్‌లోనే ఉండి సరిచేయించింది. నెట్ ఏ దారిన వస్తుందో చూసి యాప్ ఊరిని ఊహిస్తుందట, ఒక్కోసారి తప్పుతుందట. ఆమె చెప్పినట్టే లొకేషన్‌కు అనుమతి ఇచ్చాను. ఖచ్చితమైన చోటు చూపించే సెట్టింగ్ ఆన్ చేశాను. బ్యాటరీ సేవర్ ఆపాను. యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. గోడాదరా అని వచ్చింది.

“ఇంకోసారి తప్పు వచ్చిందా, ఐడీ బంద్. తర్వాత నేనేం చేయలేను” అని బెన్ కాల్ పెట్టేసింది. అప్పుడు ఇంట్లో పని ఉన్నది నా ఒక్కదానికే.

హమ్మయ్య అనుకున్నాను. అమ్మ ఫోన్ వైపు చూసి, “ఉన్న ఒక్క కన్ను పొడిసినవ్ గదనే” అంది.

సాయంత్రం తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. అన్న! పోలీసులు ఆపి ఒక బడిలో పెట్టారట, ఇప్పుడే వదిలారట. అమ్మ ఏడుస్తుంటే ఫోన్ లాక్కున్నాను.

“అన్నా, గురువారం పొద్దుగాల సోన్‌గఢ్‌ల ఉన్నవా?”

“నీకెవలు చెప్పిన్రే?”

“శుక్రవారం సంది నవాపూర్‌ల. గంతేనా?”

“ఏయ్, జర ఆగు. ఎవలు చెప్పిన్రు?”

“నీ ఫోనే చెప్పింది.”

“నా ఫోన్ నీ దగ్గర్నే ఉండె గద పిల్లా! గిట్ల భయపెట్టకు.”

మాట్లాడుతున్నది బడిలో వంటమనిషి ఫోన్‌లోంచట. మామ ఫోన్ రెండో రోజే నీళ్ళలో పడి పోయింది. ఇక ఊరు చేరేదాకా మాట ఉండదన్నాడు. ఇంకా వందల కిలోమీటర్లు ఉంది.

అన్న క్షేమంగానే చేరాడు, ఆడపిల్ల పుట్టింది. నేను మాత్రం ఫోన్లు బాగుచేసేవాళ్ళను ఎంతమందిని అడిగానో. ఒక్క ఊరు తప్పు చూపిస్తే అది నెట్ తప్పన్నారు. రోజూ వాడి అడుగుల వెంటే ఎలా నడిచిందంటే నవ్వి ఊరుకున్నారు. ఎవరో నాతో ఆడుకున్నారేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఎవరు? ఎందుకు? నాకు తెలియదు.

అన్న ఫోన్ చేసిన మర్నాడు, సోమవారం పొద్దున పదికి పది నిమిషాలుందనగా, బెన్ మార్పించిన సెట్టింగులన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పేశాను. లాప్‌టాప్ తెరిచాను. ఫోన్ మోగింది. విసర్వాడి అని వచ్చింది. నవాపూర్ తర్వాత వచ్చే ఊరు.

“కదిలిండమ్మా” అన్నాను. అమ్మ లేచి బియ్యం కడగడానికి పోయింది.

బెన్ ఫోన్ చేసేలోపు నేనే ఆమెకు చేశాను. “బెన్, ఇవాళ కూడా తప్పు ఊరే చూపిస్తోంది. కావాలని చేసింది నేనే” అని చెప్పాను.